ప్రాచీన ఆంగ్ల సర్వనామం ‘దౌ’: చనువు, ధిక్కారం, భక్తి

వ్యాససంగ్రహం: ఆధునిక ఆంగ్లంలో మధ్యమపురుషకు ‘యూ’ అనే సర్వనామం ఒక్కటే మిగిలింది. అంతకుముందు ఏకవచనంగా వ్యవహారంలో ఉన్న ‘దౌ’ నేటి పాఠకులకు బైబిలు, ప్రార్థన, పాత పద్యాల ద్వారానే పరిచయం. అందువల్ల అది గౌరవవాచకమనే భావన స్థిరపడింది. షేక్‌స్పియర్ కాలపు వ్యవహారంలో దాని విలువ దాదాపు ఇందుకు విరుద్ధం. ఆ మార్పు ఎట్లా జరిగిందో, తెలుగులో పాత ఆంగ్ల సాహిత్యాన్ని చదివేవారికి, అనువదించేవారికి అది ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మధ్యమపురుష, గౌరవ బహువచనం, షేక్‌స్పియర్, క్వేకర్లు, బైబిలు అనువాదం, సంబోధన.

1. ఉపోద్ఘాతం

ఆంగ్లాన్ని పాఠశాలలో నేర్చుకున్న తెలుగు విద్యార్థికి ‘దౌ’ అనే మాట సాధారణంగా ఏదో ఒక పద్యపాఠంలో ఎదురవుతుంది. పాఠం చివర ఇచ్చే అర్థాలలో దాని ఎదుట ‘నీవు’ అనీ, పక్కన ‘ప్రాచీన ప్రయోగం’ అనీ ఉంటుంది. రెండూ నిజమే. కానీ ఆ రెండు మాటలతో విద్యార్థి మనసులో ఏర్పడే భావం వేరు. ప్రాచీనం కాబట్టి గంభీరం, గంభీరం కాబట్టి గౌరవం అని అతడు అనుకుంటాడు. కీట్సు గ్రీకు కలశాన్నీ, షెల్లీ భరతపక్షినీ ‘దౌ’ అని సంబోధించిన కవితలు ఈ అభిప్రాయాన్ని బలపరుస్తాయి. అదే విద్యార్థి తరువాత షేక్‌స్పియర్ నాటకం చదివినప్పుడు, ఒక పాత్ర మరొక పాత్రను ‘దౌ’ అన్న ప్రతిచోటా వినయమే వినిపిస్తుంది. ఆ పాత్ర తిడుతూ ఉండవచ్చు.

నిఘంటువు అర్థం సరిపోని మాటలు ప్రతి భాషలోనూ ఉంటాయి. సర్వనామాల విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. వాటికి అర్థం తక్కువ, సందర్భం ఎక్కువ. ‘నువ్వు’ అనే తెలుగుమాట అర్థం ఏమిటని అడిగితే ఎవరైనా చెప్పగలరు. ఎవరిని ఎప్పుడు అనకూడదో చెప్పాలంటే ఒక సమాజాన్నంతా వివరించాలి.

2. పుట్టుపూర్వోత్తరాలు

‘దౌ’ ఆంగ్లంలో అరువు మాట కాదు. ఇండో-యూరోపియన్ కుటుంబానికి ఉమ్మడిగా సంక్రమించిన సర్వనామం. సంస్కృత ‘త్వమ్’, లాటిన్ ‘తూ’, జర్మన్ ‘దూ’, హిందీ ‘తూ’ దీనికి సజాతీయ పదాలు. ద్రావిడ భాషల ‘నీ’తో దీనికి సంబంధం లేదు. నార్మన్లు 1066లో ఇంగ్లండును జయించడానికి పూర్వపు ఆంగ్లంలో ఒకరిని ‘థూ’ అనీ, పలువురిని ‘యే’ అనీ అనేవారు. ఇద్దరినే ఉద్దేశించే ద్వివచన రూపం కూడా ఉండేది. సంస్కృత ‘యువామ్’ వంటిదే అది. తరువాత ఆ ద్వివచనం లుప్తమైంది.

ఆ కాలంలో ఈ సర్వనామాల మధ్య భేదం సంఖ్యకు సంబంధించినది మాత్రమే. రాజైనా, దాసుడైనా, దేవుడైనా ఒక్కరైతే ఏకవచనమే. ద్వితీయావిభక్తి రూపం ‘దీ’, షష్ఠీరూపాలు ‘దై’, ‘దైన్’ కూడా ఈ కోవకే చెందుతాయి. క్రియకు చివర ‘స్ట్’ వంటి ప్రత్యయం చేరేది. తెలుగులో ‘నీవు వచ్చితివి’ అన్నప్పుడు చివరి ‘వి’ చేసే పని అది. (లండను దుకాణాల బోర్డులపై పాతదనం కోసం రాసే ‘యే’కూ ఈ ‘యే’కూ ఏ సంబంధమూ లేదు. పాత లిపిలో ‘ద’ ధ్వనికి ‘థార్న్’ అనే ప్రత్యేకాక్షరం ఉండేది. ముద్రణ వచ్చాక దాని స్థానంలో ‘వై’ అక్షరం వాడడంతో ‘ద’ అనే నిర్దేశక పదం ‘యే’గా కనిపించసాగింది. అది అక్షరాల పొరపాటు. సర్వనామం కాదు.)

నార్మన్ విజయం తరువాత పాలకుల భాష ఫ్రెంచి అయింది. ఒక్క వ్యక్తినే గౌరవార్థం బహువచనంతో పిలిచే ‘వూ’ పద్ధతి ఫ్రెంచిలో ఉంది. పదమూడో శతాబ్దం నుంచి ఆంగ్లంలోనూ ఈ మర్యాద కనిపిస్తుంది. పద్నాలుగో శతాబ్దం చివరినాటికి, చాసర్ ‘కాంటర్‌బరీ కథలు’ రాసే సమయానికి, అది బాగా పాదుకొన్నది. యాత్రికుల బృందాన్ని నడిపించే సత్రం యజమాని మఠాధికారిణిని కథ చెప్పమని కోరేటప్పుడు బహువచనంతో, అతి వినయంగా మాట్లాడతాడు. వంటవాడు రోజర్‌ను అడిగేటప్పుడు ఏకవచనానికి దిగుతాడు. తెలుగువాడికి ఈ భాగం వివరించనవసరం లేదు. నేటి ఆంగ్లేయుడికే వివరించాలి.

3. అధికారం, సామీప్యం

ఈ విషయంలో 1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధమైనది. యూరపు భాషలలోని సంబోధనా సర్వనామాలను వారు రెండు సూత్రాలతో వివరించారు. మొదటిది అధికారం. పైవాడు కిందివాడిని ఏకవచనంతో పిలుస్తాడు, కిందివాడు బహువచనంతో బదులిస్తాడు. రెండవది సామీప్యం. దగ్గరివారు పరస్పరం ఏకవచనం, దూరపువారు పరస్పరం బహువచనం వాడతారు. ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశాన్ని ‘నువ్వు’ అంటాడు, వెంకటేశం గిరీశాన్ని ‘మీరు’ అంటాడు. చుట్టలు కలిసి కాల్చేంత చనువున్నా గురుశిష్య సంబంధం సర్వనామాన్ని వదలలేదు. మొదటి సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఈ రెండింటితో పాటు క్షణికమైన మనఃస్థితిని బట్టి సర్వనామం మారడాన్ని కూడా వారు గుర్తించారు. పాత ఆంగ్ల సాహిత్యానికి సంబంధించినంతవరకు ఇదే అత్యంత విలువైన పరిశీలనని నా అభిప్రాయం. అధికారం, సామీప్యం సమాజ నియమాలు. నాటకం నడిచేది నియమం తప్పిన చోట.

‘లియర్ రాజు’ మొదటి అంకం చూడండి. రాజు రాజ్యాన్ని పంచుతూ ముద్దుల చిన్నకూతురు కార్డీలియాను ఏమి చెబుతావని అడిగేటప్పుడు సభామర్యాదతో ‘యూ’ అంటాడు. ఆమె జవాబు నచ్చక కోపం రాగానే ‘దౌ’కు దిగుతాడు. అదే రంగంలో అంతకంటే సాహసమైన మలుపు ఇంకొకటి ఉంది. రాజభక్తుడైన కెంట్ ప్రభువు మొదట బిరుదులతో, వినయంతో మొదలుపెట్టి, రాజు వినకపోయేసరికి నిండుసభలో అతణ్ణి ముసలివాడా అని పిలిచి ‘దౌ’ అంటాడు. దేశబహిష్కార శిక్ష కొంతసేపటికి పడుతుంది గాని, ప్రేక్షకులకు అది ఆ సర్వనామం దగ్గరే తెలిసిపోయి ఉంటుంది. ‘దౌ’ను గౌరవపదమనుకొని చదివే నేటి పాఠకుడికి కెంట్ ఇంకా వినయంగానే మాట్లాడుతున్నట్టు తోస్తుంది.

‘రోమియో అండ్ జూలియట్’లో దీని మరో ముఖం కనిపిస్తుంది. విందులో తొలిసారి కలిసినప్పుడు జూలియట్ అతణ్ణి ‘యూ’ అనే పిలుస్తుంది. మేడమీది రంగంలో ఇద్దరూ ‘దౌ’ అనుకుంటారు. ఒకే మాట ఒకచోట తిరస్కారమూ, మరొకచోట ప్రేమా అవుతున్నది. ఈ రెండింటికీ పొత్తు ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు తెలుగులోనే ఉంది. ‘ఒరే’ అన్న పిలుపు ప్రాణస్నేహితుడి నోట ఒకటి, అపరిచితుడి నోట మరొకటి. మర్యాద అనే దూరాన్ని తొలగించడమే రెండుచోట్లా జరిగేది. అనుమతితో తొలగిస్తే చనువు, అనుమతి లేకుండా తొలగిస్తే అవమానం.

4. న్యాయస్థానంలో ఒక సర్వనామం

ఇదంతా నాటకకర్తల కల్పన కాదనడానికి చరిత్రలో ఒక ఘట్టం ఉంది. 1603 నవంబరు 17న వించెస్టర్‌లో సర్ వాల్టర్ రాలీపై రాజద్రోహ విచారణ జరిగింది. లండనులో ప్లేగు వ్యాపించడంతో న్యాయస్థానాన్ని అక్కడికి తరలించారు. రాలీ ఎలిజబెత్ రాణి ఆస్థానంలో వెలిగినవాడు, నావికుడు, కవి. ప్రభుత్వం తరఫున వాదించిన అటార్నీ జనరల్ సర్ ఎడ్వర్డ్ కోక్ ఆంగ్ల న్యాయశాస్త్రంలో మహాపండితుడిగా పేరు పొందినవాడు. విచారణ మధ్యలో సాక్ష్యం పలచబడినప్పుడు కోక్ రాలీని ద్రోహీ అని తిడుతూ ‘దౌ’ అన్నాడు. అంతటితో ఆగక, నేను నిన్ను ‘దౌ’ అంటున్నాను సుమా అని ఆ మాటనే క్రియగా చేసి మరీ ప్రకటించాడు. ఒక సర్దారు బిరుదాంకితుణ్ణి నిండు న్యాయస్థానంలో ఏకవచనం చేయడం ఆనాటివారికి శిక్షకు ముందే పడిన శిక్ష. రాలీకి మరణశిక్ష విధించారు, అప్పటికి అమలు ఆపారు. చివరికి 1618లో శిరచ్ఛేదం జరిగింది.

‘దౌ’ అనడం అనే ఈ క్రియను షేక్‌స్పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’ మూడో అంకంలో హాస్యానికి వాడుకున్నాడు. సర్ ఆండ్రూ అనే పిరికి జమీందారును ద్వంద్వయుద్ధానికి రెచ్చగొడుతూ సర్ టోబీ, ప్రత్యర్థికి రాసే సవాలు లేఖలో అతణ్ణి రెండు మూడు సార్లు ‘దౌ’ అంటే తప్పేమీ లేదని సలహా ఇస్తాడు. పద్దెనిమిదో శతాబ్దపు సంపాదకుడు లూయిస్ థియోబాల్డ్ ఈ వాక్యం కోక్ దురుసుతనాన్ని ఎత్తిపొడవడానికే రాసినదని ఊహించాడు. అందమైన ఊహే గాని కాలక్రమం అంగీకరించదు. న్యాయవిద్యార్థి జాన్ మానింగ్‌హామ్ 1602 ఫిబ్రవరిలోనే ఈ నాటకం చూసినట్టు తన దినచర్యలో నమోదు చేశాడు. విచారణ ఆ తరువాతి సంవత్సరం జరిగింది. కాబట్టి కోక్ నుంచి షేక్‌స్పియర్ గాని, షేక్‌స్పియర్ నుంచి కోక్ గాని అరువు తెచ్చుకున్నారనుకోనక్కరలేదు. ఇద్దరి చుట్టూ ఉన్న జనవ్యవహారంలోనే ఆ అవమానం సిద్ధంగా ఉంది.

5. క్వేకర్ల పట్టుదల

కోక్ అవమానానికి వాడిన మాటను అర్ధ శతాబ్దం తిరిగేలోగా కొందరు మతధర్మంగా స్వీకరించారు. జార్జ్ ఫాక్స్ (1624-1691) ఉపదేశంతో ఏర్పడిన స్నేహితుల సమాజం సభ్యులను క్వేకర్లని పిలిచేవారు. మనుషులందరిలోనూ దైవజ్యోతి ఉందని నమ్మినవారు ఎవరికీ టోపీ తీయరు, ఎవరినీ బిరుదుతో పిలవరు. ఒక్క మనిషిని ‘యూ’ అని బహువచనంతో పిలవడం ముఖస్తుతి, అబద్ధం అని వారి వాదన. కాబట్టి ధనికుణ్ణీ పేదనూ, న్యాయాధికారినీ నౌకరునూ ‘దౌ’ అనే పిలిచారు.

దీన్ని సమర్థించడానికి 1660లో ఫాక్స్, జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీ కలిసి ఏకవచన బహువచనాలు నేర్పే ఒక గ్రంథాన్ని వెలువరించారు. పిల్లలు అక్షరాలు దిద్దుకునే పలక ఆకారం దాని పుటలపై ముద్రించి ఉంటుంది. పండితులకు మళ్ళీ ఓనమాలు దిద్దిస్తున్నామన్న ఎత్తిపొడుపు అందులో ఉంది. హీబ్రూ, గ్రీకు, లాటిన్ మొదలుకొని అనేక భాషలలో ఒక్కరికి ఏకవచనమే సహజమని వారు ఉదాహరణలతో చూపారు. వ్యాకరణాన్ని సామాజిక సమానతకు ఆయుధంగా చేసిన గ్రంథాలు ప్రపంచంలో అరుదు. వ్యాకరణంగా అది బలమైన వాదమా అంటే కాదు. వ్యవహారం మారిన తరువాత మూలరూపమే సత్యమనడం శబ్దవ్యుత్పత్తి మీద మోజు. కానీ వారికి కావలసింది వ్యాకరణం కాదు గదా.

ఫలితాలు తీవ్రంగా ఉన్నాయి. ఈ సంబోధన వల్ల జనం ఎంత ఉగ్రులయ్యేవారో, ఎన్ని దెబ్బలు తిన్నామో ఫాక్స్ తన దినచర్యలో రాసుకున్నాడు. చూపు కోల్పోయిన మిల్టన్‌కు పుస్తకాలు చదివి వినిపించిన థామస్ ఎల్‌వుడ్ యువకుడిగా ఉన్నప్పుడు క్వేకరుగా మారాడు. తండ్రి ఎదుట టోపీ తీయకపోవడం ఒక నేరం, ఆయన్ను ‘దౌ’ అనడం మరో నేరం. ఇంకోసారి ఆ మాట అంటే పళ్ళు రాలగొడతానని తండ్రి బెదిరించిన సంగతి 1714లో వెలువడిన ఎల్‌వుడ్ స్వీయచరిత్రలో ఉంది. నాన్నను ‘నువ్వు’ అనడానికి నోరు రాని ఇళ్ళు ఇప్పటికీ తెలుగునాట ఎన్నో ఉన్నాయి. ఆ తండ్రి కోపం మనకు బొత్తిగా తెలియనిది కాదు.

ఇక్కడ ఒక పోలిక తప్పదు. క్వేకర్లు పైవాణ్ణి కిందికి దించి సమానత్వాన్ని వెదికారు. ఆంగ్ల సమాజం మాత్రం క్రమంగా అందరినీ ‘యూ’కు ఎక్కించి, అదే గమ్యాన్ని వేరే దారిలో చేరింది. తెలుగు దళిత సాహిత్యం పదేపదే నమోదు చేసిన అవమానాలలో సంబోధన ఒకటి. పెత్తందారీ కులపు పసివాడు తాత వయసున్న దళితుణ్ణి ‘ఏరా’ అనడం, ఆ తాత ‘అయ్యా’ అని బదులివ్వడం. తరతరాలుగా ‘ఏరా’ అనిపించుకున్నవాడికి ఎదుటివాణ్ణి కూడా ‘ఏరా’ అనే హక్కు ఇస్తే సరిపోతుందా, తనను ‘మీరు’ అనిపించుకోవడం కావాలా? రెండోదే అతడు కోరిన న్యాయం. క్వేకరు పద్ధతి బిరుదులు గలవారి గర్వానికి మందు. బిరుదే ఎరుగనివాడి గాయానికి అది చాలదు.

క్వేకర్ల చరిత్రలో తరువాతి మలుపు విచిత్రమైనది. సమానత్వం కోసం మొదలైన వాడుక కొన్ని తరాలకు వారి సమూహ చిహ్నంగా మిగిలింది. కర్తృస్థానంలో కూడా ‘దౌ’కు బదులు ‘దీ’ వాడడం వారి ప్రత్యేకత అయింది. 1851 నాటి మెల్విల్ నవల ‘మోబీ డిక్’లో నాంటకెట్ ఓడ యజమానులు పెలెగ్, బిల్డాడ్ మాట్లాడే తీరులో దీని ఛాయలు కనిపిస్తాయి. లోకులందరినీ కలపడానికి పుట్టిన మాట లోకుల నుంచి వేరుచేసింది.

6. బైబిలు కాపాడిన మాట

వ్యవహారంలో ‘దౌ’ ఎందుకు అంతరించిందో ఒకే కారణం చెప్పలేము. పెరుగుతున్న లండను నగరంలో ఎదుటివాడి అంతస్తు తెలియనప్పుడు ‘యూ’ అనడమే క్షేమం. ‘దౌ’ అంటే తగాదా. రిస్కు లేని మాటే నిలిచింది. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ నాటికి మర్యాద సంభాషణలోనే కాదు, చనువు సంభాషణలోనూ ‘దౌ’ వాడుక తప్పిందని ఆయనే రాశాడు. యార్క్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ వంటి ప్రాంతాల మాండలికాలలో మాత్రం ‘దా’ రూపంలో బతికింది. డి. హెచ్. లారెన్సు 1913 నాటి ‘సన్స్ అండ్ లవర్స్’లో గని కార్మికుడు మోరెల్ నోట ఆ రూపం వినవచ్చు.

అయితే ఒకచోట అది కదలకుండా నిలిచింది. విలియం టిండేల్ 1526లో వెలువరించిన కొత్త నిబంధన గ్రీకు మూలం నుంచి చేసిన అనువాదం. హీబ్రూ, గ్రీకు మూలాలలో మధ్యమపురుష భేదం సంఖ్యాభేదమే గాని మర్యాదాభేదం కాదు. అందువల్ల ఆయన ఒక్కరికి ‘దౌ’, పలువురికి ‘యే’ అనే పద్ధతిని పాటించాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఆ పద్ధతినే కొనసాగించింది. అందులో భక్తుడు దేవుణ్ణి ‘దౌ’ అంటాడు. దేవుడు సైతానును ‘దౌ’ అంటాడు. సేవకుడు రాజునూ అంతే. ఇది గౌరవమూ కాదు, అగౌరవమూ కాదు. లెక్క మాత్రమే.

బజారులో ‘దౌ’ మాయమైన తరువాత పుట్టిన తరాలకు అది గుడిలో మాత్రమే వినిపించింది. గుడిలో విన్న మాట పవిత్రం కాక ఏమవుతుంది? 1952లో పూర్తయిన రివైజ్డ్ స్టాండర్డ్ అనువాదం ఈ మార్పుకు ముద్ర వేసింది. మనుషులందరికీ ‘యూ’, దేవుణ్ణి ఉద్దేశించిన చోట మాత్రం ‘దౌ’ అని అనువాదకులు నిర్ణయించారు. చిక్కు వెంటనే వచ్చింది. భూమిమీద సంచరించే యేసును ఏమనాలి? ‘యూ’ అన్నారు. ఆయన దైవత్వాన్ని తగ్గించారని సంప్రదాయవాదులు అభ్యంతరపెట్టారు. కోక్ రాలీని కించపరచడానికి ఎంచుకున్న సర్వనామం, మూడున్నర శతాబ్దాల తరువాత, వాడకపోతేనే కించపరచినట్టయింది. 1989లో వచ్చిన నూతన సవరణ ఆ మాటను పూర్తిగా వదిలివేసింది.

7. తెలుగులో చదివేటప్పుడు

తెలుగు బైబిలు సంప్రదాయ అనువాదంలో ప్రథమపురుషలో యేసు ‘ఆయన’. ఎదుట నిలిచి మాట్లాడేవారికి మాత్రం ‘నీవు’. శిష్యుడూ అంతే, పిలాతూ అంతే. ఇది తెలుగు పాఠకుడికి ఎబ్బెట్టుగా తోచకపోవడానికి కారణం మన కావ్యభాష. నన్నయ నుంచి కావ్యాలలో రాజునూ మునినీ ‘నీవు’ అనడమే ప్రధానమైన పద్ధతి. పోతన గజేంద్రుడు విష్ణువునూ, రామదాసు రాముణ్ణీ ఏకవచనంతోనే మొరపెట్టుకున్నారు. అంటే కింగ్ జేమ్స్ బైబిలు భాషకూ మన పద్యభాషకూ ఈ విషయంలో పొత్తు కుదిరింది. షేక్‌స్పియర్ నాటకభాషకు పొత్తు కుదిరేది మాత్రం మన వచనంతో, వాడుకభాషతో.

ఈ తేడా అనువాదకుడికి చాలా పెద్దది. వావిలాల వాసుదేవశాస్త్రి 1876లో ‘జూలియస్ సీజర్’ను తెలిగించింది మొదలు తెలుగులోకి షేక్‌స్పియర్ అనేకసార్లు వచ్చాడు. కావ్యశైలిలో అనువదించినప్పుడు పాత్రలందరూ అందరినీ ‘నీవు’ అంటే, కెంట్ దుస్సాహసం కనబడదు. మొదటి నుంచీ ‘నీవు’ అన్నవాడు ‘నీవు’ అంటే విశేషమేముంది? మొదటి వాక్యాలలో ‘ఏలినవారు’, ‘తమరు’ అన్న కెంట్ ఉన్నట్టుండి ‘నువ్వు’ అంటేనే సభ ఉలిక్కిపడుతుంది. ఆధునికాంగ్లంలోకి మార్చి రాసిన షేక్‌స్పియర్ ప్రతులు సాధించలేని పని ఇది. వాటిలో అన్నీ ‘యూ’లే. తెలుగు వచనానువాదం ఇక్కడ వాటికంటే మూలానికి దగ్గరగా ఉండగలదు.

అన్నిచోట్లా ఇంత తేలిక కాదు. ‘హామ్లెట్’ మూడో అంకంలో తల్లి గెర్ట్రూడ్ కొడుకును మందలిస్తూ మొదట ‘దౌ’ అంటుంది. కొడుకు ఆమె వాక్యాన్నే తిప్పి, ‘యూ’ అని చల్లగా బదులిస్తాడు. ఆమె వెంటనే ‘యూ’కు మారుతుంది. మన ఇళ్ళలో తల్లిని ‘నువ్వు’, తండ్రిని ‘మీరు’ అనే కొడుకులే ఎక్కువ. హామ్లెట్ ‘యూ’ను ‘మీరు’గా మారిస్తే ఆ తల్లికొడుకుల మధ్య మొదటి నుంచీ దూరం ఉన్నట్టవుతుంది. ‘నువ్వు’గా ఉంచితే ఆ క్షణంలో వచ్చిన చలి పోతుంది. గెర్ట్రూడ్ విషయంలో మాత్రం తెలుగుకు ఒక సాధనముంది. అంతవరకూ ‘నువ్వు’ అంటున్న తల్లి కోపం వచ్చినప్పుడు కొడుకును ‘తమరు’ అనడం, ‘అయ్యగారికి మాటలు బాగానే వచ్చాయి’ అనడం మనకు తెలియని సంగతి కాదు. హామ్లెట్ నోట కూడా అటువంటి ఎత్తిపొడుపు మర్యాదనే పలికించవచ్చు, ‘అమ్మగారు’ అన్న పిలుపుతో.